పక్కవాడి చెయ్యి వదలకు

కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల్లో కబడ్డీ కోర్టు గీయని ఊరు అరుదు. సంక్రాంతికి యువజన సంఘాలు పెట్టే పోటీల నుంచి సీఎం కప్ దాకా ఎక్కడ చూసినా జనం నోట నానేది కూతకు పోయినవాడి పేరే. ముగ్గుర్ని ముట్టి గీత దాటి వచ్చాడంటే ఈలలు మోగిపోతాయి. అదే కూతగాడిని ఎదుటి జట్టు పట్టి పడేసినప్పుడు చప్పట్లు ముందుగా కాలు దొరకబుచ్చుకున్న కార్నర్ ఆటగాడికి పోతాయి. ఆ కార్నర్ పక్కనుంచి వచ్చి, తప్పించుకునే దారి మూసి, మధ్యగీత వైపు ఒరగకుండా ఆపిన కవర్ ఆటగాడి పేరు అడిగేవాళ్లు తక్కువ. ఈ అధ్యాయం ఆ పేరు తెలియని మనిషి గురించి. ఏ పనిలోనైనా ముందుకు దూకేవాడు ఒకడుంటే, వాడి వెనకో పక్కనో నిలబడి కాసేవాళ్లు నలుగురుంటారు. మనలో చాలామంది ఏదో ఒక దశలో ఆ నలుగురిలో ఒకరిమే. ఆ స్థానంలో రాణించడానికి కావలసింది కండబలం అనీ, లేదంటే తలవంచుకుని పడి ఉండే ఓర్పు అనీ అనుకుంటాం. రెండూ పొరపాటే. తొందరపడని అడుగు, పక్కవాడితో కలిసి కదిలే అలవాటు, తన పనిని తానే కొలుచుకునే పద్ధతి అనే మూడు నేర్చుకున్నవాడే అక్కడ నెగ్గుతాడు. ఈ మూడూ సాధనతో వచ్చేవే.

బంతి ముట్టని అయిదుగురు

ఈ సంగతి బాగా తేటతెల్లమయ్యేది అమెరికన్ ఫుట్‌బాల్‌లో. ఒక్కో జట్టులో పదకొండు మంది. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ముందు వరసలో నడుమ ఒక సెంటర్, అతనికి అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వాళ్లకు చివరల ఇద్దరు టాకిల్స్ నిలబడతారు. ఈ అయిదుగురినీ కలిపి అఫెన్సివ్ లైన్ అంటారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎదుటివాళ్లు దూసుకొస్తుంటే అతనికి రెండు మూడు సెకన్ల వ్యవధి సంపాదించి పెట్టడం వీళ్ల పని. మామూలుగా పాస్ అందుకునే హక్కు కూడా వీళ్లకు ఉండదు. ఆట మొదలయ్యేటప్పుడు సెంటర్ బంతిని వెనక్కి అందిస్తాడు, అంతటితో సరి. ఎదుటివాడిని నియమం తప్పి పట్టుకుంటే జట్టు 10 గజాలు వెనక్కి పోతుంది. మైదానంలో మైకులో వీళ్ల నంబరు వినబడేది ఎక్కువగా ఆ తప్పు జరిగినప్పుడే. వీళ్ల విలువ ఎంతో 1985 నవంబరు 18 రాత్రి లోకానికి తెలిసింది. వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్‌ను న్యూయార్క్ జెయింట్స్‌కు చెందిన లారెన్స్ టేలర్ పడగొట్టినప్పుడు థైస్‌మన్ కాలు విరిగింది, ఆట జీవితమే ముగిసింది. జట్టుకు అలవాటైన లెఫ్ట్ టాకిల్ జో జాకోబీ గాయం వల్ల ఆ రోజు ఆడలేదు. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్‌కు కనబడని ఎడమ వైపును కాసే లెఫ్ట్ టాకిల్ తర్వాతి కాలంలో ఆ ఆటలో ఖరీదైన ఆటగాళ్లలో ఒకడయ్యాడు.

ఆ వాషింగ్టన్ జట్టు చరిత్రలోనే ఇంకా బలమైన సాక్ష్యం ఉంది. కోచ్ జో గిబ్స్ కింద ఆ జట్టు 1982, 1987, 1991 సీజన్లలో లీగ్ టైటిల్ పోరు అయిన సూపర్ బౌల్‌ను మూడుసార్లు గెలిచింది. మొదటిసారి క్వార్టర్‌బ్యాక్ థైస్‌మన్, రెండోసారి డగ్ విలియమ్స్, మూడోసారి మార్క్ రిపియన్. బంతి విసిరినవాడు ప్రతిసారీ మారాడు. ముందు వరసలోని జాకోబీ, రస్ గ్రిమ్, జెఫ్ బోస్టిక్ మాత్రం మూడు విజయాల్లోనూ ఉన్నారు. అభిమానులు ఆ వరసను ముద్దుగా ‘హాగ్స్’ అని పిలుచుకున్నారు. ఒక్క జట్టు కథతో సిద్ధాంతం నిలబడదన్నది నిజమే. అయితే పేరున్న మనిషి మారినా ఫలితం మారలేదంటే ఆ ఫలితానికి కారణాన్ని పేరులేనివాళ్లలో వెతకడం న్యాయం.

మన కోర్టు మీద అదే లెక్క

ఇప్పుడు మన ఆటకు వద్దాం. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఏడుగురు నిలబడితే రెండు చివరల కార్నర్లు, వాళ్ల పక్కన ఇన్‌లు, ఆ లోపల కవర్లు, నడుమ సెంటర్. అమెరికన్ వరసలో టాకిల్ చేసే పని ఇక్కడ కార్నర్‌ది, గార్డు చేసే పని కవర్‌ది. పోలిక ఇంతటితో ఆగదు. కబడ్డీలో ఔటైనవాడు బెంచీ మీద కూర్చోవాలి. ఎదుటి జట్టులో ఒకడు ఔటైతేనే మనవాడు ఒకడు లేచి వస్తాడు, అదీ ఔటైన వరసలోనే. అంటే ఎంత గొప్ప కూతగాడైనా ఒకసారి దొరికితే, మళ్లీ కోర్టులో అడుగుపెట్టడం అతని చేతిలో ఉండదు. మిగిలినవాళ్లు ఎవరినో ఒకరిని పడగొట్టాలి. డిఫెన్స్ బలహీనమైతే పాయింట్లు పోవడమే కాదు, జట్టులోని మేటి కూతగాడు ఆడవలసిన నిమిషాలు బెంచీ మీద కరిగిపోతాయి. క్వార్టర్‌బ్యాక్‌కు లైన్ రెండు మూడు సెకన్లు సంపాదించి పెట్టినట్టే, కూతకు వెళ్లే రైడర్‌కు డిఫెన్స్ కోర్టు మీద కాలాన్ని సంపాదించి పెడుతుంది.

దీనికి సాక్ష్యం తెలుగు అభిమానుల కళ్లముందే ఉంది. ప్రో కబడ్డీ పదో సీజన్ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్ల రూపాయలకు తీసుకుంది. లీగ్ చరిత్రలో అప్పటివరకూ ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. పవన్ తన వంతు ఆట ఆడాడు, సీజన్‌లోని మంచి రైడర్ల వరసలోనే నిలిచాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌లలో రెండే గెలిచి పట్టికలో అట్టడుగున మిగిలింది. అదే సీజన్ ఫైనల్ 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగింది. హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి పుణేరి పల్టన్ కప్పు ఎత్తింది. ఒక ఫైనల్‌లో గెలిచిన జట్టు స్కోరు 28 దగ్గరే ఆగిందంటే ఆ పోరును నడిపింది పట్టు అని వేరే చెప్పనక్కర్లేదు. మరుసటి సీజన్‌లో పవన్ గాయంతో చాలా మ్యాచ్‌లకు దూరమయ్యాడు. అయినా టైటాన్స్ 12 మ్యాచ్‌లు గెలిచింది. గెలుపోటములకు కారణాలు చాలా ఉంటాయి, ఒక్క డిఫెన్స్ మీదే మొత్తం మోపడం తొందరపాటు. కానీ అత్యంత ఖరీదైన రైడర్ ఉన్న ఏడాది రెండు విజయాలు, అతను చాలా మ్యాచ్‌లకు దూరమైన ఏడాది పన్నెండు విజయాలు వచ్చాయంటే, ఒక్కడి ప్రతాపం జట్టును మోయలేదని ఒప్పుకోవాల్సిందే.

ఇంకో సాక్ష్యం జకార్తా ఇచ్చింది. ఆసియా క్రీడల్లో 1990లో కబడ్డీ మొదలైనప్పటి నుంచి 2014 దాకా పురుషుల స్వర్ణాలు ఏడింటికి ఏడూ భారత్‌వే. 2018లో జకార్తాలో జరిగిన సెమీఫైనల్‌లో ఇరాన్ 27-18తో ఆ పరంపరను తెంచింది. మన జట్టులో అజయ్ ఠాకూర్, పర్‌దీప్ నర్వాల్, రాహుల్ చౌదరి లాంటి దేశం మెచ్చిన రైడర్లు ఉన్నారు. ఇంతమంది ఉండి మొత్తం మ్యాచ్‌లో 18 దగ్గరే ఆగిపోయాం. ఎదురుగా ఉన్నది ఫజల్ అత్రాచలి, అబోజర్ మిఘానీ లాంటివాళ్లు కట్టిన గోడ. ఆ అబోజర్‌నే తర్వాత తెలుగు టైటాన్స్ డిఫెన్స్‌లో మనవాళ్లు చూశారు.

దేహమా, నేర్పా?

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. అమెరికన్ లైన్‌లో ఆడేవాళ్లు సుమారు 140 కిలోల బరువుండే కొండలు కదా, అలాంటి దేహం పుట్టుకతో రావాలి గానీ సాధనతో వస్తుందా అని. దేహం అవసరమే, అది ఆ వృత్తిలోకి ప్రవేశించడానికి టికెట్టు లాంటిది. కానీ లోపలికి వచ్చినవాళ్లందరికీ అంత దేహమూ ఉన్నప్పుడు వాళ్లలో ఒకడు ఎందుకు రాణిస్తాడు, ఇంకొకడు ఎందుకు రాణించడు అన్నదానికి దేహం జవాబు చెప్పలేదు. ఫిలడెల్ఫియా ఈగల్స్ సెంటర్ జేసన్ కెల్సీని కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2011 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండు దాకా ఎవరూ తీసుకోలేదు. తోటి లైన్‌మెన్ కంటే తేలికైన మనిషి, కాలేజీలో వేరే స్థానంలో చేరి తర్వాత లైన్‌కు మారినవాడు. అతనే 13 సీజన్లు ఆడి, ఆరుసార్లు ఏడాది మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్-ప్రో మొదటి జట్టుకు ఎంపికై 2024లో ఆట నుంచి తప్పుకున్నాడు. కబడ్డీ ఈ ప్రశ్నను ఇంకా తేల్చి చెబుతుంది. సీనియర్ పురుషులకు 85 కిలోల పరిమితి ఉంది. అందరినీ ఒకే పరిమితి కింద నిలబెట్టాక కూడా ఒక డిఫెండర్‌కూ ఇంకొకడికీ మధ్య అంత తేడా కనబడుతోందంటే ఆ తేడా కండలో లేదు. అది అడుగులో ఉంది, ఆగడంలో ఉంది, పక్కవాడితో పొత్తులో ఉంది.

మొదటిది ఆగడం. కూతగాడు ఒంటరిగా వచ్చినప్పుడు ముందుకు దూకి పట్టేయాలనే ఆత్రం ప్రతి డిఫెండర్‌కూ ఉంటుంది. ఆటలో ఎక్కువ నష్టం తెచ్చేది ఆ ఆత్రమే. నియమం చూడండి: పట్టిన తర్వాత రైడర్ మధ్యగీత ముట్టాడంటే, అప్పటికి అతన్ని తాకి ఉన్న వాళ్లంతా ఔట్. ఒకడి తొందర ముగ్గురిని బెంచీకి పంపుతుంది. ఇక కాలం ఎవరి వైపు ఉంది? కూతకు ఇచ్చేది 30 సెకన్లే. ప్రో కబడ్డీలో వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే రైడరే ఔట్. అంటే వరస చెదరకుండా నిలబడినంతసేపూ ఒత్తిడి పెరిగేది ఎదుటివాడి మీదే. అమెరికన్ లైన్‌లోనూ కొత్తవాడు మొదట చేసే తప్పు నడుము వంచి ఎదుటివాడి మీదికి వాలడం. అలా వాలినవాడిని పక్కకు తోసి దాటిపోవడం తేలిక. నేర్పరి మోకాళ్లు వంచి, చిన్న చిన్న అడుగులతో ఎదుటివాడికీ క్వార్టర్‌బ్యాక్‌కూ మధ్య తన దేహాన్ని నిలుపుకుంటాడు. చేతులు తర్వాత పని చేస్తాయి, ముందు పాదాలు చోటు సంపాదించాలి. జీవితంలోనూ రక్షించే పనిలో ఉన్నవాడికి ఇదే క్రమం వర్తిస్తుంది. సమస్య కనబడగానే చెయ్యి చేసుకోవడం కంటే అది ఏ దారిన వస్తుందో ఆ దారిలో ముందే నిలబడటం మేలు.

రెండోది పొత్తు. కవర్లూ ఇన్‌లూ చేతులు పట్టుకుని కదిలే గొలుసు కబడ్డీ డిఫెన్స్‌కు ప్రాణం. గొలుసులో ఒకడు అడుగు ముందుకేసి రెండోవాడు వెనక ఉండిపోతే నడుమ ఏర్పడే సందులోంచే రైడర్ జారుకుంటాడు. అమెరికన్ ఆటలో ఎదుటి జట్టు కావాలనే ఆ సందును సృష్టిస్తుంది. ఇద్దరు దాడివాళ్లు దారులు మార్చుకుని అడ్డదిడ్డంగా వస్తారు. గార్డు తన మనిషి వెంటే పరిగెత్తితే వరస తెగిపోతుంది. తన మనిషిని టాకిల్‌కు అప్పగించి, అవతలి నుంచి వచ్చేవాడిని తాను అందుకోవాలి. ఇది మాట లేకుండా జరగదు. అందుకే లైన్‌లో సెంటర్ ఆట మొదలవ్వకముందే ఎవరు ఎవరిని కాయాలో గట్టిగా చెబుతాడు. కబడ్డీలోనూ రైడర్ ఎటు మళ్లుతున్నాడో ఒకరికొకరు చెప్పుకుంటూ ఉండే డిఫెన్సే నిలుస్తుంది. మాట్లాడని రక్షకుడు ఎంత బలవంతుడైనా సగం రక్షకుడే.

ఈ రెండో గుణం విలువ మన బొగ్గుబాయిలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ భూగర్భ గనుల్లో సింగరేణి లెక్క టన్నుల్లోనే నడుస్తుంది. పేపర్లో వచ్చేదీ ఉత్పత్తి లక్ష్యమే. కానీ సపోర్టు లేని పైకప్పు కింద ఎవరూ పని చేయకూడదన్నది గని నియమం. కాబట్టి ఒక్క టన్ను కదలాలన్నా ముందు టింబర్‌మెన్ దిమ్మెలు నిలబెట్టి ఉండాలి, లేదా రూఫ్ బోల్టులు బిగించి ఉండాలి. ఆ పని సరిగా జరిగిన రోజున చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, ఏమీ జరగకపోవడమే దాని ఫలితం. అయినా పైకప్పు చప్పుడులో తేడా వినబడితే వెనక్కి రమ్మని కేక వేసే బాధ్యత అక్కడున్న ప్రతి ఒక్కరిదీ. రక్షణ అనేది ఒకరి ఉద్యోగం పేరు మాత్రమే కాదని, అక్కడున్న అందరి మధ్య నడిచే సంభాషణ అని బాయిలో దిగేవాళ్లకు వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

మూడోది కొలత. రైడర్‌కు స్కోర్‌బోర్డు ఉంది. కవర్‌కు, గార్డుకు, దిమ్మె నిలబెట్టేవాడికి లేదు. వాళ్లను లోకం తప్పుల్లోనే చూస్తుంది: అరవైసార్లు కాచి ఒక్కసారి విఫలమైతే గుర్తుండేది ఆ ఒక్కటే. ఈ స్థితిలో మనిషి రెండు విధాల చెడిపోతాడు. విఫలమైన క్షణాన్నే తలచుకుంటూ తర్వాతి పట్టులో వెనకాడటం ఒకటి. ఎవరూ చూడటం లేదు కదా అని పని పలచన చేయడం ఇంకొకటి. రెండింటికీ మందు ఒకటే, సొంత కొలత పెట్టుకోవడం. అందుకే వృత్తి జట్లలో మ్యాచ్ వీడియోను ఆపి ఆపి చూస్తూ లైన్‌లోని ఒక్కొక్కరి ప్రతి అడుగునూ కోచ్‌లు విడిగా అంచనా వేస్తారు. ఆ అంచనాలో ఫలితం కంటే పద్ధతికి విలువ ఎక్కువ. పాదం సరైన చోట పడి కూడా ఎదుటివాడు గట్టివాడై దాటిపోవచ్చు, పాదం తప్పి కూడా అదృష్టం కొద్దీ పట్టు దొరకవచ్చు. మొదటిదాన్ని మంచి పని అనీ, రెండోదాన్ని తప్పు అనీ రాసుకోగలిగినవాడు రోజురోజుకూ మెరుగుపడతాడు.

పేరు రాని పనికి ప్రతిఫలం

ఇక అసలైన అభ్యంతరం. ఇదంతా పేరు రానివాళ్లను బుజ్జగించే మాట కాదా, కోట్లు పోయేది రైడర్లకే కదా అంటారు. లెక్కలు చూద్దాం. 2018 ప్రో కబడ్డీ వేలంలో కోటి రూపాయల ధర అందుకున్న మొదటి ఆటగాడు రైడర్ కాదు, ఇరాన్ లెఫ్ట్ కార్నర్ ఫజల్ అత్రాచలి. పదో సీజన్‌కు మహమ్మద్‌రెజా షాద్లూయి అనే ఇంకో ఇరాన్ ఆటగాడిని పుణేరి పల్టన్ 2.35 కోట్లకు తీసుకుని కప్పు గెలిచింది. మరుసటి సీజన్‌కు అతను హర్యానా స్టీలర్స్‌కు మారాడు, ఆ ఏడాది కప్పు హర్యానాకు పోయింది. ఆల్‌రౌండర్ అని పిలిచినా అతని పేరు మోగింది పట్టులోనే. అంటే రక్షణ విలువను మార్కెట్ గుర్తించడం మొదలుపెట్టింది. అయితే నిజాయితీగా ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ వెలుగు ముందుగా కార్నర్ మీద పడింది, కవర్ దాకా ఇంకా పూర్తిగా రాలేదు. అమెరికాలోనూ లెఫ్ట్ టాకిల్ ధర పెరిగినంత త్వరగా గార్డు ధర పెరగలేదు. కాబట్టి పేరు తప్పక వస్తుందని ఈ అధ్యాయం మాట ఇవ్వదు. ఇచ్చే మాట ఒక్కటే: ఈ పని నేర్చినవాడి అవసరం ఏ జట్టుకూ తీరదు, ఆ అవసరమే అతనికి నిలకడైన చోటు ఇస్తుంది.

మరి ఇది అణిగిమణిగి ఉండమనే బోధ కాదా అని అడిగేవాళ్లకు కూడా జవాబు చెప్పాలి. దొరల గడీల కింద నలిగి, తలెత్తడం పోరాడి నేర్చుకున్న ఈ గడ్డ మీద ఆ అనుమానం రావడం న్యాయమే. వరసలో నిలబడటం వేరు, వంగి నిలబడటం వేరు. సెంటర్ ఆదేశం ఇస్తాడు, కవర్ కేక వేస్తాడు, టింబర్‌మన్ పైకప్పు బాగా లేదంటే ఎంత పెద్ద అధికారి అయినా ఆగాలి. కాసే స్థానంలో ఉన్నవాడికి కాదనే అధికారం ఉండాలి, అది లేకపోతే కాయలేడు. అందుకే మీ జట్టులో మీ పనికి గుర్తింపు దక్కకపోతే అడగండి. మీ లెక్క మీరు రాసుకుంటే అడగడానికి ఆధారం కూడా మీ చేతిలో ఉంటుంది. అడగడం కోసం వరస తెంచుకోకండి, వరసను నిలుపుకోవడం కోసం అడగకుండా ఉండిపోకండి.

ఆచరణకు వద్దాం. మీరు కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ప్రాంతీయ క్రీడా పాఠశాలలో చేరిన పిల్లలైతే, ప్రతిరోజూ సాధనలో కొంత భాగం చేతులు వాడకుండా పాదాలతోనే రైడర్‌కు దారి మూయడం మీద పెట్టండి. పక్కన ఎప్పుడూ ఆడే మనిషి ఎవరో తేల్చుకుని, ఏ పిలుపుకు ఏం చేయాలో ఇద్దరూ మాట్లాడుకోండి. మీరు ఆఫీసులోనో దుకాణంలోనో బాయిలోనో పని చేసేవాళ్లైతే ఈ వారం ఒక కాగితం తీసుకోండి. మీ పని వల్ల ఎవరి పని సాఫీగా సాగుతోందో, ఏ ప్రమాదం రాకుండా ఆగుతోందో రాయండి. రోజు ముగిశాక ఫలితం పక్కన పెట్టి మీ పద్ధతి సరిగా ఉందో లేదో ఒక్క గుర్తు వేయండి. తప్పు జరిగితే కారణం ఒక వాక్యంలో రాసి మరుసటి రోజు పనిలోకి దిగండి. మీ పక్కన పనిచేసేవాళ్లతో వారానికి ఒకసారైనా ఎక్కడ సందు ఏర్పడుతోందో మాట్లాడుకోండి. మీరు జట్టును నడిపించేవాళ్లైతే మీ బాధ్యత ఇంకా పెద్దది. గెలిచిన రోజున ముందుగా కవర్ పేరు మీరే పలకండి, ఎందుకంటే అది పలికేవాళ్లు ఇంకెవరూ ఉండరు. ఊరి పోటీల నిర్వాహకులకు కూడా ఒక విన్నపం: ఉత్తమ రైడర్‌కు కప్పు పెట్టే ప్రతిచోటా ఉత్తమ కవర్‌కూ ఒకటి పెట్టండి. పిల్లలు దేనికి చప్పట్లు కొడతామో దాన్నే నేర్చుకుంటారు.